ఒక్క దెబ్బ కోసం

ఆర్కెస్ట్రా కచేరీలో నా చూపు ముందుగా వెనక వరుసకే పోతుంది. తాళవాద్యకారులు ఉండేది అక్కడే.

జాన్ ఆడమ్స్ 1986లో రాసిన ‘షార్ట్ రైడ్ ఇన్ ఎ ఫాస్ట్ మెషీన్’ నాలుగు నిమిషాల కృతి. ఎత్తుగడ నుంచే వుడ్‌బ్లాక్ టకటకా మోగుతుంది. చుట్టూ ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఎదురులయలో ఉరుకుతుంటే ఆ చెక్కదరువు వెంట్రుకవాసి కూడా చలించకూడదు.

దాని తర్వాత బ్రూక్నర్ ఏడో సింఫనీ పెట్టారనుకోండి, అదే వరుసలో ఇంకో పరీక్ష. 1884లో లైప్‌జిగ్‌లో తొలిసారి వినిపించిన ఈ సింఫనీ గంటకు పైగా సాగుతుంది. సింబల్స్ పలికేది మాత్రం ఒక్కసారే, రెండో భాగం పతాకస్థాయికి చేరినప్పుడు. సంపాదకుడు హాస్ తెచ్చిన 1944 నాటి స్వరప్రతిలో ఆ దెబ్బే లేదు. మరో సంపాదకుడు నోవాక్ తెచ్చిన 1954 నాటి ప్రతిలో ఉంది. నేను నోవాక్ పక్షమే.

అరగంటకు పైగా సింబల్స్ వాద్యకారుడు కదలకుండా కూర్చుని, ఆవర్తాలన్నీ మనసులో లెక్కపెట్టుకుంటూ ఉండాలి. ఆ తర్వాత చేసే పనీ తేలిక కాదు. రెండు కంచు పళ్లాలు సరిసమానంగా కలిస్తే మధ్యలో గాలి చిక్కుకుని నాదం చచ్చిపోతుంది. కాస్త ఏటవాలుగా, ఒక అంచు రవ్వంత ముందు తగిలేలా కొట్టాలి. తప్పితే దిద్దుకునే వీలే లేదు. ఎన్నేళ్ల సాధనో ఆ ఒక్క క్షణంలో తేలిపోతుంది.

ఈసారి ఏడో సింఫనీ వింటే, రెండో భాగం సగం దాటాక వెనక వరుస వైపు చూడండి. అక్కడ ఒక మనిషి నెమ్మదిగా లేచి నిలబడతాడు.