ఇరవై అక్షరాల ప్రస్తారం – డి.ఎన్.ఏ. గణనం: పోలికకు హద్దులు

ఛందశ్శాస్త్రంలోని ప్రస్తారాన్ని ఆధునిక గణన విజ్ఞానంతో పోల్చేటప్పుడు రెండు అతివాదాలు ఎదురవుతాయి. పూర్వులకు అంతా తెలుసుననడం ఒకటి, ఆ పోలికే వ్యర్థమనడం మరొకటి. ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1994లో లెనార్డ్ ఏడల్‌మన్ ఏడు బిందువులను ఒక్కొక్కసారే స్పృశించే మార్గాన్ని డి.ఎన్.ఏ. పోగులతో కనుగొన్నాడు. పరీక్షనాళికలో రకరకాల మార్గాలను ఒక్కసారిగా పుట్టించి, తగనివాటిని వడగట్టడమే ఆ పద్ధతి. 2002లో ఆయన బృందం ఇరవై చలరాశుల సమస్యను సాధించింది. ఒక్కొక్క చలరాశి సత్యమో అసత్యమో కావాలి కనుక వికల్పాలు 10,48,576.

ఇరవై అక్షరాల 'కృతి' ఛందంలో గురులఘు భేదాలతో ఏర్పడే వృత్తాలు కూడా సరిగ్గా అన్నే. వాటిలో ఉత్పలమాల 3,55,799వది. ఇది తెలియడానికి ప్రస్తారమంతా రాయనక్కరలేదు. అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపు అంకెలు వేసి, లఘువుల మీదివి కూడి ఒకటి కలిపితే చాలు. ఇదే ఉద్దిష్టం.

అయితే పట్టికలో స్థానం చెప్పడం వేరు, నిబంధనలన్నిటికీ ఒదిగే వరుసను వెదకడం వేరు. ఉద్దిష్టం మొదటిదానికే సమాధానం. కనుక కఠిన సమస్యల సాధనను పింగళునికి ఆపాదించడం తగదు. అటు డి.ఎన్.ఏ. పద్ధతికీ పరిమితి ఉంది. రెండువందల బిందువులకు కావలసిన డి.ఎన్.ఏ. భూమి కన్నా బరువు తూగుతుందని హార్ట్‌మానిస్ 1995లోనే లెక్కకట్టాడు.

కవి మార్గం ఈ రెంటికీ భిన్నం. ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు ఆనతి పొందినట్లు చెప్పుకొన్న కృష్ణదేవరాయలు పది లక్షల వృత్తాలను జల్లెడ పట్టలేదు. నన్నయ నాటికే కుదురుకొన్న నడకలు ఆయనకు సంప్రదాయంగా అందాయి. బందరులో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి ప్రాచుర్యం తెచ్చిన అవధానంలో ఈ భేదం మరింత స్పష్టం. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని అన్ని పద్యాలనూ పుట్టించి ఏరుకోడు. మిగిలిన దారుల్లో అర్థానికీ యతిప్రాసలకూ చోటున్న ఒక్కదానిలో ముందుకు సాగుతాడు. వేసిన అడుగును వెనక్కి తీసుకోలేడు.

ప్రస్తారాన్ని తరగతిలో కంఠస్థ పట్టికగా కాక ఈ వివేచనతో బోధిస్తే, అవధానం కేవలం జ్ఞాపకశక్తి ప్రదర్శన అన్న అభిప్రాయాన్ని కూడా పునఃపరిశీలించవలసి వస్తుంది.