ప్రమోషన్ తప్పితే పోయేది జీతమొక్కటే కాదు

సంగారెడ్డి జిల్లా ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు దగ్గర్లోనే, ఎద్దుమైలారంలో, 1984లో పెట్టిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఉంది. సైన్యం వాడే సారథ్ బండ్లు, అంటే బీఎంపీ-2 రకం కవచ వాహనాలు, అక్కడే తయారవుతాయి. ఆ బండిని బిగించే ఫిట్టర్‌కు ప్రమోషన్ వస్తే జీతం పెరుగుతుంది, రాకపోతే పెరగదు. ఉద్యోగం మాత్రం 60 ఏళ్లు నిండేదాకా ఉంటుంది. అదే బండెక్కి సరిహద్దుకు పోయే సిపాయి లెక్క వేరు. అతను ఎన్నేళ్లు పనిచేయాలో అతని ర్యాంకే తేలుస్తుంది. ప్రమోషన్ వస్తే జీతంతోపాటు సర్వీసూ పెరుగుతుంది. రాకపోతే ఒంట్లో సత్తువ ఉన్నా, చేతిలో పనితనం ఉన్నా పెట్టె సర్దుకోవాల్సిందే. మిలట్రీ నుంచి పెన్షన్ మీద వచ్చినవాళ్లలో ఎంతోమంది నలభై ఏళ్లకే పటాన్‌చెరు కంపెనీల గేట్ల దగ్గర సెక్యూరిటీ డ్యూటీ వెతుక్కోవడానికి మూలం ఈ నియమంలోనే ఉంది.

లెక్క ఇలా ఉంటుంది. సిపాయికి మామూలుగా 17 ఏళ్ల సర్వీసు. నాయక్ అయితే 22, హవల్దార్ అయితే 24, నాయబ్ సుబేదార్‌కు 26, సుబేదార్‌కు 28, సుబేదార్ మేజర్‌కు 32. ఆపైన రెండేళ్ల పొడిగింపు ఉంది కానీ అది హక్కు కాదు, మెడికల్ కేటగిరీ, క్రమశిక్షణ రికార్డు చూసి ఇస్తారు. వయసు పరిమితి కూడా వేరే ఉంది: హవల్దార్‌కు 49, సుబేదార్‌కు 52. రెండింటిలో ఏది ముందొస్తే దానికే దిగిపోవాలి. పంతొమ్మిదేళ్లకు చేరిన కుర్రాడు సిపాయిగానే మిగిలిపోతే 36కో 38కో ఇంటికొస్తాడు. అతనితోపాటు చేరి సుబేదార్ దాకా పోయినవాడు పొడిగింపు కలుపుకుని 49 దాకా ఉంటాడు. ఆ పదకొండేళ్ల తేడా అంతా ప్రతిభదే అనుకోవడానికి లేదు. ప్రమోషన్‌కు పెట్టే క్యాడర్ పరీక్ష పాసైనా, రిపోర్టులు బాగున్నా, పైన ఖాళీ ఉండాలి. ఒకరు దిగితేనే ఇంకొకరు ఎక్కాలి. ఖాళీ రెండేళ్లు ఆలస్యమైతే ఈలోగా సర్వీసే అయిపోవచ్చు. 8, 16, 24 ఏళ్లకు ఎంఏసీపీ కింద పై గ్రేడు జీతమిచ్చే పద్ధతి ఉంది, మంచిదే. కానీ ఆ జీతం వెంట ర్యాంకు రాదు, అదనపు ఏళ్లూ రావు. పెన్షన్‌లోనూ ఇదే వరస. 2014 జులై 1 నుంచి వర్తించేలా తెచ్చిన ‘ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్’ పథకం చూసేది రెండే: ఏ ర్యాంకులో దిగావు, ఎన్నేళ్లు చేశావు. ప్రమోషన్ తప్పినవాడికి రెండు వైపులా కోతే.

దీనికి సైన్యం చెప్పే జవాబు తేలిగ్గా తీసిపారేసేది కాదు. సియాచిన్‌లో కాపలాకు నలభై దాటిన గుండెలు పనికిరావు, సైన్యం కుర్రగా ఉండాలి అంటారు. నిజమే. కార్గిల్ యుద్ధం తర్వాత కె. సుబ్రహ్మణ్యం కమిటీ కూడా 17 ఏళ్ల సర్వీసును ఏడు నుంచి పదేళ్లకు తగ్గించి, ఆ తర్వాత పారామిలిటరీకి పంపమని చెప్పింది. కానీ వయసే కారణమైతే ఆ కొలత అందరికీ ఒకటిగా ఉండాలి కదా! అధికారుల సంగతి చూడండి. లెఫ్టినెంట్ కల్నల్‌ను సెలక్షన్ బోర్డు కల్నల్‌గా ఎంపిక చేయకపోయినా అతను 54 ఏళ్ల దాకా ఉండవచ్చు, 26 ఏళ్ల సర్వీసు నిండితే టైమ్ స్కేల్ మీద కల్నలూ కావచ్చు. బోర్డు గట్టెక్కిన కల్నల్‌కూ 54 ఏళ్లే, బ్రిగేడియర్‌కు 56, మేజర్ జనరల్‌కు 58. అంటే పైన ఒక ప్రమోషన్ తప్పితే పోయేవి మహా అయితే రెండేళ్లు. కింద సిపాయికి నాయక్ ర్యాంకు అందకపోతే ఒక్క మెట్టులోనే అయిదేళ్లు పోతాయి. అమెరికాలో 1980 నాటి చట్టం ప్రమోషన్ రెండుసార్లు తప్పిన అధికారులను కూడా ఇంటికి పంపే దారి పెట్టింది. మన దగ్గర ఆ భారం దాదాపు అంతా జవాన్ మీదే పడింది. నా అభ్యంతరం ఇక్కడే.

ఇంకో వాదన ఉంది: అధికారి పని బుర్రతో, జవాన్ పని ఒంటితో, అందుకే తేడా అని. రైఫిల్ కంపెనీ వరకు ఒప్పుకుంటాను. సైన్యం బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో బీఎంపీ ఇంజిన్ విప్పి బిగించే మెకానిక్ సంగతేమిటి? సామగ్రి సరఫరా చూసే ఏఓసీ విభాగం డిపోలో విడిభాగాల లెక్క చూసే స్టోర్ కీపర్‌కు 38 ఏళ్లకు వచ్చిన ముసలితనం ఏమిటి? ఇలాంటి పనివాళ్లను తయారుచేసే సెంటర్లు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. పదిహేనేళ్లు బండ్లు బాగుచేసిన చేయి అప్పుడే పదును మీద ఉంటుంది. టెక్నికల్ ట్రేడుల్లోనైనా ర్యాంకును, సర్వీసు ఏళ్లను విడదీయాలి. ఫిట్‌నెస్ పరీక్ష, ట్రేడ్ పరీక్ష నెగ్గినవాడిని ఖాళీతో పనిలేకుండా కొనసాగించాలి. అలా చేస్తే కిందివాళ్లకు ప్రమోషన్లు ఆగిపోతాయంటారు. పాత ర్యాంకులోనే ఉండేవాడు పై ఖాళీని ఆక్రమించడు. జీతం, పెన్షన్ ఖర్చు పెరుగుతుందన్న మాట మాత్రం నిజం. కొత్తవాడికి మళ్లీ మొదటి నుంచి నేర్పే ఖర్చును కూడా దాని పక్కన పెట్టి చూడాలి.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ నియామక పథకం ఈ గడువును ఇంకా ముందుకు జరిపింది. మొదటి వడపోత నాలుగేళ్లకే, నిలిచేది 25 శాతానికి మించదు. దానికి వ్యతిరేకంగా మూడు రోజులకే సికింద్రాబాద్ స్టేషన్లో చెలరేగిన గొడవలో, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకరు చనిపోయాడు. ఈ పథకంలో చేరి నాలుగేళ్లకు దిగిపోయే అగ్నివీరులకు దాదాపు 11.71 లక్షల రూపాయల సేవా నిధి ఇస్తారు, పెన్షన్ ఉండదు. సికింద్రాబాద్ గొడవ మరుసటి రోజే, జూన్ 18న, రక్షణ శాఖ తన 16 ప్రభుత్వరంగ సంస్థల్లో వాళ్లకు 10 శాతం ఉద్యోగాలు కేటాయిస్తామని చెప్పింది. భానూరులో యూనిట్ ఉన్న భారత్ డైనమిక్స్ (బీడీఎల్), 2021 అక్టోబర్ నుంచి ఎద్దుమైలారం ఫ్యాక్టరీని నడుపుతున్న ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్ ఆ పదహారింటిలోనివే. మొదటి బ్యాచ్ శిక్షణలో చేరింది 2022 చివర్లో, 2023 మొదట్లో. వాళ్లకు నాలుగేళ్లు నిండే నాటికి ఈ ఫ్యాక్టరీలు ఏ ట్రేడులో ఎన్ని పోస్టులు ఇస్తాయో, సైన్యంలో నేర్చిన పనిని ఏ సర్టిఫికెట్‌తో సమానంగా చూస్తాయో అంకెలతో ప్రకటించాలి. సంగారెడ్డి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఆ జాబితాను ఊరూరా గ్రామ పంచాయతీల్లో అంటించాలి.