విన్సెంట్ ఉత్తరాలు, మా యాడి కుట్టు

విన్సెంట్ వాన్‌గో అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కోసుకున్న చెవి. ఆ తర్వాత ఆకలి, పిచ్చి, తుపాకి. ఇర్వింగ్ స్టోన్ 1934లో రాసిన నవల, దాని మీద వచ్చిన సినిమా ఆ కథను లోకమంతా పంచినాయి. నేనూ చాలాకాలం అదే నమ్మినాను. తమ్ముడు తియోకు ఆయన రాసిన ఉత్తరాలు చదివినాక వేరే మనిషి కనిపించినాడు. తన పనికి తానే లెక్క రాసుకున్న మనిషి.

తియో ఉత్త తమ్ముడే కాదు, బొమ్మల వ్యాపారి కూడా. పారిస్‌లో గూపిల్ అనే పెద్ద సంస్థ దుకాణం నడిపినాడు. విన్సెంట్ కూడా 1869లో, 16 ఏళ్ల వయసులో, అదే సంస్థలో చేరి 1876 దాకా పనిచేసినాడు. కొనేవాని చూపు ఎట్లుంటుందో తెలిసినవాడే. ఆయన ఉత్తరాల్లో 800 పైచిలుకు మిగిలితే, 650 దాకా తియోకు రాసినవే. తియో భార్య యోహానా వాటిని 1914లో అచ్చు వేయించింది.

నెలనెలా తమ్ముడు పంపే డబ్బును ధర్మంగా తీసుకోవడం విన్సెంట్‌కు మింగుడుపడలేదు. 1884లో ఒక ఒప్పందం ముందుపెట్టినాడు. గీసినవన్నీ నీకు పంపుతాను, అవి నీ సొత్తు. నువ్వు పంపేది నా పనికి కూలి. అప్పటికి ఆ డబ్బు నెలకు 150 ఫ్రాంకులు. తర్వాత ఆర్ల్ ఊరిలో ఆయనకు స్నేహితుడైన తపాలా ఉద్యోగి రూలాన్ జీతం 135 ఫ్రాంకులే. దాంతోనే భార్యనూ ముగ్గురు పిల్లలనూ సాకినాడు. కాబట్టి విన్సెంట్‌ను కూటికి లేనివాడుగా చూడటం సరికాదు. డబ్బు రంగులకూ గుడ్డకూ పోయేది. ఏ రంగు గొట్టాలు ఎన్ని కావాలో, పెద్దవా చిన్నవా అన్నది పట్టీ వేసి రాసేవాడు. అంగడి సరుకు పట్టీ లాంటి ఆ పేజీలను చాలామంది దాటేసి కన్నీళ్ల పేజీలకు పోతారు. నాకు ఆ పట్టీలే ముఖ్యం.

ప్రదర్శనల సంగతిలోనూ అంతే పట్టుదల. 1885లో 'బంగాళదుంపలు తినేవాళ్లు' పంపేటప్పుడు, దానికి బంగారు రంగు చట్రం కట్టాలని, లేదంటే పండిన గోధుమ రంగు గోడ మీద పెట్టాలని చెప్పినాడు. 1888లో పారిస్ ప్రదర్శనకు బొమ్మలు పోతుంటే, జాబితాలో 'విన్సెంట్' అని మాత్రమే వేయించమన్నాడు. వాన్‌గో అన్న పేరు అక్కడివాళ్ల నోరు తిరగదని. బొమ్మ కింద సంతకమూ అదే. 1890లో బ్రసెల్స్‌కు ఏ ఆరు బొమ్మలు పోవాలో తానే ఎంచినాడు. వాటిలో 'ఎర్ర ద్రాక్షతోట'ను ఆనా బోక్ 400 ఫ్రాంకులకు కొనింది.

ఉత్తరాల్లో లోపమూ ఉంది. నా బొమ్మలు అమ్మడానికి నువ్వు ప్రయత్నమే చేయలేదని తమ్ముడిని నిష్ఠూరమాడిన చోట్ల విన్సెంట్ మాట పూర్తి న్యాయంగా లేదు. తియో జవాబు వినాలంటే, ఆయన ఉత్తరాలు నలభై దాకానే మిగిలినాయి. అన్న దాచుకోలేదు, తమ్ముడు దాచినాడు. అందుకే ఇక్కడ చేసినవాని గొంతు మిగిలి, వ్యాపారి గొంతు తగ్గింది.

మా దగ్గర ఇది తలకిందులు. గుత్తి దగ్గర మా సుగాలి తండాలో వాన లేని ఒక ఏడు, మా యాడి తన పండగ ఫేటియాను ఊరూరా తిరిగే ఒక బేరగానికి ఇచ్చేసింది. అద్దం అద్దం తన చేత్తో కుట్టుకున్నది. ఎంతిచ్చినాడని అడిగితే, "దయగలవాడు, జొన్నలకు సరిపోయింది" అన్నది. కూలి అనలేదు, ధర అనలేదు. ఏండ్ల తర్వాత ఒక నగరంలో ప్రదర్శనకు పోయినాను. అట్లాంటి కుట్టునే ముక్కలు కోసి సంచులకు అతికించినారు. చీటీ మీద 'బంజారా ఎంబ్రాయిడరీ' అని, ధర అని ఉన్నాయి. కుట్టినామె పేరు లేదు. మా సరుకుకు వ్యాపారి రాసిన చీటీ ఉంది, మా ఉత్తరం లేదు.

విన్సెంట్‌కు చదువుంది, బొమ్మల వ్యాపారంలో పెదనాన్నలు, చిన్నాన్న ఉన్నారు, తమ్ముడే వ్యాపారి. మా యాడికి బడి లేదు. ఆమె మాట్లాడే గోర్ బోలికి సొంత లిపి లేదు. అందుకని ఆయన ఉత్తరాలను తీసిపారేయలేను. చేసేవాళ్లు తమ పనికి తామే పేరు, ఖర్చు, ధర రాయకపోతే డబ్బు దయగా మారిపోతుందని నేను తెలుసుకున్నది వాటిలోనే.

ఇప్పుడు మా బడి పిల్లలతో చీటీలు రాయిస్తున్నాను. ఇంట్లో కుట్టిన గుడ్డ చూసి కుట్టినవారి పేరు, పట్టిన రోజులు, దారం ఖర్చు, అద్దాల లెక్క, ధర రాయాలి. మాటలు గోర్ బోలివి, అక్షరాలు తెలుగువి. మొన్న ఒక పాప అన్నీ నింపి ధర దగ్గర ఖాళీ వదిలింది. ఎందుకమ్మా అంటే, "ఎంత అడగాలో మా అవ్వకు తెలీదంట సార్" అన్నది.