చిలకకు సాయంత్రం ఎవరిస్తారు?

పంజరం ఎక్కడ పెట్టాలన్నది చాలా ఇళ్లలో పెద్దగా ఆలోచించే విషయం కాదు. హాల్లోనే పెడతారు. వచ్చేపోయే మనుషులు కనిపిస్తారు, పిల్లలు పలకరిస్తారు, పక్షికి పొద్దుపోతుంది. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ ఆ హాల్లో లైటు ఎన్నింటికి వెలుగుతోందో, ఎన్నింటికి ఆరుతోందో ఒక్కరోజు గమనించి చూడండి. పాలప్యాకెట్ అందుకోవడానికి తెల్లవారుజామున ఐదింటికే వేస్తాం. రాత్రి సీరియళ్లు, క్రికెట్, ఆలస్యంగా వచ్చినవాళ్ల భోజనాలు అయ్యేసరికి పదకొండు. అంటే పక్షికి మనం పద్దెనిమిది గంటల పగలు ఇస్తున్నాం.

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా జూన్‌లో వచ్చే అతి పెద్ద పగలు 13 గంటల చిల్లర. డిసెంబరులో అది 11 గంటలకు కాస్త అటూ ఇటూ. ఏడాది పొడవునా తేడా అంతా కలిపి రెండు గంటలు. చిలకజాతి పక్షుల్లో ఎక్కువ భాగం ఇలాంటి ఉష్ణప్రాంతాలవే. రాత్రికి పది పన్నెండు గంటలు చీకట్లో గడపడం వాటి ఒంటికి అలవాటైన లెక్క. పద్దెనిమిది గంటల పగలు వాటి పుట్టినచోట ఏ కాలంలోనూ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఇదంతా కాకటీళ్లు, మనవాళ్లు లవ్ బర్డ్స్ అని కొనుక్కొచ్చే బడ్జీలు, ఆఫ్రికన్ గ్రే ప్యారెట్ల వంటి విదేశీ పక్షుల గురించి. రామచిలకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022 సవరణ దాన్ని రెండో షెడ్యూలులోకి చేర్చింది. దానికి లైటు ఎంతసేపు ఉండాలన్న ప్రశ్నే రాకూడదు.

పక్షి ఒళ్లు పగటిని ఎలా కొలుస్తుందో చూపినవాళ్లలో ముందుగా చెప్పుకోవలసినవాడు విలియం రోవన్. కెనడాలోని ఎడ్మంటన్‌లో, 1920లలో, గడ్డకట్టే చలికాలంలో జంకో అనే చిన్న పిట్టలను ఆరుబయట పంజరాల్లో ఉంచి, సాయంత్రం కరెంటు బల్బులతో పగటిని రోజురోజుకూ కొంచెం కొంచెం పొడిగించాడు. బయట మంచు అలాగే ఉంది, చలి అలాగే ఉంది. అయినా ఆ పిట్టల పునరుత్పత్తి అవయవాలు వసంతం వచ్చినట్టే పెరిగాయి. ఆ తర్వాత 1930లలో ఫ్రాన్స్‌లో బెన్వా అనే శాస్త్రవేత్త బాతుల మీద పనిచేసి, కళ్లకు వెలుగు అందకపోయినా ఈ మార్పు జరుగుతుందని చూపించాడు. పుర్రె గుండా లోపలికి దిగిన వెలుగును పక్షి మెదడులోని కణాలే నేరుగా పట్టుకుంటాయి. కళ్లు మూసుకుని కూర్చున్న పక్షికి కూడా ట్యూబ్‌లైటు తెలుస్తూనే ఉంటుందన్నమాట.

ఈ సంగతి మనవాళ్లకు కొత్తేం కాదు. గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో గుడ్ల కోళ్లకు పగటి వెలుగుతో కలిపి పదహారు గంటలు వచ్చేలా లైట్లు వేస్తారు. గుడ్లు తగ్గకూడదనే ఆ లెక్క. ఫారంలో తెలిసి చేసే ఆ పనిని మన హాల్లో తెలియకుండా చేస్తున్నాం.

మా వీధిలో ఒకావిడ ఆ మధ్య ఆందోళనగా వచ్చింది. “అక్కా, మా కాకటీల్ మగది లేకుండానే గుడ్లు పెడుతోంది. తీసేస్తే మళ్లీ పెడుతోంది. ఏం చెయ్యమంటారు?” అని. వెళ్లి చూస్తే పంజరం టీవీ పక్కన, నిండు వెలుగులో ఉంది. పగలంతా బయట వదిలితే అది సోఫా కిందికి దూరి కాగితాలు చింపుతోందట. పెద్ద పగలు, కడుపునిండా తిండి, గూడులాంటి చీకటి మూల. గుడ్లు పెట్టడానికి ఆడ కాకటీల్‌కు ఇంకేం కావాలి? ఇందులో ముద్దు చెయ్యాల్సిందేమీ లేదు. ప్రతి గుడ్డు పెంకుకీ కావలసిన కాల్షియంలో కొంత దాని ఎముకల్లోంచే పోతుంది. ఆ కాల్షియం అడుగంటితే గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం పోయే అవకాశం ఉంది.

ఆమెకు చెప్పినవి చిన్న పనులే. వెలుగు రోజుకు పది గంటలు మించనివ్వొద్దు. సోఫా కిందికి దారి మూసెయ్యాలి. వీపు మీద, రెక్కల కింద నిమరడం మానెయ్యాలి, తల మీద నిమిరితే చాలు. పెట్టిన గుడ్లను వెంటనే తీసేస్తే లోటు పూడ్చుకోవడానికి మళ్లీ పెడుతుంది కాబట్టి, విసుగొచ్చి వదిలేసేదాకా పొదగనివ్వాలి. కాల్షియం కోసం పంజరంలో కటిల్‌బోన్ పెట్టాలి. వీటన్నిటికంటే ముందు, పక్షులు చూసే డాక్టరుకు చూపించాలి.

అయితే అంతా లైటు మీదికి నెట్టేయడం కూడా సరికాదు. కాకటీల్, బడ్జీ రెండూ ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతాల పక్షులు. అక్కడ వాన ఎప్పుడు పడితే అప్పుడే గింజ, గింజ దొరికినప్పుడే గూడు. బడ్జీల్లో మగదాని పాట వినడమే ఆడదాని అండాశయాన్ని కదిలిస్తుందని 1960లలోనే పరిశోధకులు చూపించారు. వెలుగు ఒక తాళంచెవి మాత్రమే. కాకపోతే మిగతావాటిలా కాకుండా ఇది రోజూ మన వేలికింద, గోడ మీదే ఉంటుంది. అందుకే దాన్ని ముందు సరిచెయ్యమంటాను.

గంటల లెక్క కంటే నన్ను ఎక్కువగా పట్టిపీడించేది సాయంత్రం లేకపోవడం. బయట చీకటి ఒక్కసారిగా పడదు. పొద్దు వాలుతుంటే రామచిలకలు గుంపులు గుంపులుగా రాత్రి మకాం చెట్టు చేరడం చూడండి. కాసేపు గోల, చోటు కోసం తోపులాట, కొమ్మలు మారడం, ఆ తర్వాత ఒక్కొక్కటే సర్దుకోవడం. స్విచ్ నొక్కితే ఆ అరగంట అంతా మాయమైపోతుంది. పక్షి పంజరం అడుగున గింజలు ఏరుకుంటూ ఉండగానే కటిక చీకటి. చీకట్లో వాటికి చూపు ఆనదు. పై పుల్ల మీదికి తడుముకుంటూ ఎక్కాలి, లేదా బిక్కుబిక్కుమంటూ కిందే ఉండిపోవాలి.

మా ఇంట్లో కాకటీళ్ల జంట ఉంది. దీపాలు పెట్టేవేళ అవగానే హాల్లో పెద్ద లైటు తీసేసి, మూలనున్న పసుపు బల్బు ఒక్కటే ఉంచుతాం. అవి చివరి మేత మేసి, ఈకలు సవరించుకుని, పై పుల్ల చేరతాయి. అప్పుడు పంజరాన్ని వెనక గదిలోకి మారుస్తాం. హాల్లోనే ఉంచి దుప్పటి కప్పితే చాలదా అంటారు కొందరు. దుప్పటి వెలుగును ఆపుతుంది, టీవీ మోతను ఆపదు. ఎండాకాలంలో గాలీ ఆడదు.

కటిక చీకటితోనూ ఒక చిక్కుంది. కాకటీళ్లు నడిరాత్రి ఉలిక్కిపడి, పంజరమంతా రెక్కలు కొట్టుకుంటూ కొత్తగా వస్తున్న ఈకలు విరుచుకుంటాయి. అప్పుడే వస్తున్న ఈకలో నెత్తురు ఉంటుంది, విరిగితే కారుతుంది. అందుకని సన్నటి వెలుగు ఉంచమంటారు పెంపకందార్లు. మరోపక్క, 2020లో ఆస్ట్రేలియాలో వచ్చిన ఒక పరిశోధనలో వీధిదీపాలలాంటి వెలుగు కింద మాగ్‌పై పిట్టలు, పావురాలు నిద్ర పోగొట్టుకున్నాయని తేలింది. మాగ్‌పైలకు తెల్ల వెలుగుకన్నా పసుపు వెలుగు కొంత నయమనిపించింది గానీ, పావురాలకు రెండూ ఒకటే అయ్యాయి. నేను మధ్యేమార్గం పట్టాను. జీరో బల్బు పక్షుల గదిలో కాదు, బయట నడవలో వెలుగుతుంది. ఓరగా వేసిన తలుపు సందులోంచి వచ్చినంతే వాటికి. దీపావళి వారంలో మాత్రం తలుపు పూర్తిగా వేసి, నేను ఆ గదిలోనే పడుకుంటాను.

వెలుగు ఎంతసేపన్నది ఒకటి, ఎలాంటిదన్నది మరొకటి. మనం చూడలేని అతినీలలోహిత కాంతిని చిలకలు చూస్తాయి. బడ్జీ నెత్తి మీది పసుపు ఈకలు ఆ కాంతిని పీల్చి మెరుస్తాయి. 2002లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఆ ఈకలకు మనం ఎండకు రాసుకునే లేపనం పూసి మెరుపు తగ్గిస్తే, ఎదుటి పక్షులకు వాటిమీద మోజు తగ్గింది. ఇంట్లో వాడే ఎల్‌ఈడీ బల్బులో ఈ కాంతి దాదాపు ఉండదు. దాని కింద పక్కపక్కనే కూర్చున్న రెండు బడ్జీలు ఒకదాన్నొకటి అసలు రంగుల్లో చూసుకోలేవు. ఇది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

గ్రే ప్యారెట్‌కైతే ఈ కాంతి ఆరోగ్యం సంగతి కూడా. దానికి కాల్షియం తగ్గి వణుకు, మూర్ఛలు రావడం పక్షి వైద్యులకు బాగా తెలిసిన జబ్బు. అతినీలలోహిత కాంతిలో ఒక రకమైన యూవీ-బీని ఇచ్చే లైటు పెట్టాక వీటి రక్తంలో కాల్షియం పెరిగిందని 2006లో బ్రిటన్ నుంచి వచ్చిన పరిశోధన చెప్పింది. అద్దాల కిటికీ పక్కన పెడితే సరిపోతుందనుకోవద్దు, కిటికీ గాజు యూవీ-బీని ఆపేస్తుంది. అలాగని ఆ లైటు కొని పంజరం పక్కనే బిగిస్తే కళ్లు దెబ్బతింటాయి. పైనుంచే పడాలి, తప్పుకోవడానికి నీడ ఉండాలి. మనకు లైటు కొనే అవసరమూ తక్కువే. పొద్దుటి ఎండలో, సగం పంజరానికి నీడ చేసి, నీళ్లు పెట్టి, మనం పక్కన కూర్చుంటే చాలు. ఎండ ముదిరాక మాత్రం ఒక్క క్షణం ఉంచకూడదు.

మా వీధి కాకటీల్ గుడ్లు పెట్టడం ఆపింది. నిన్న ఆవిడ మళ్లీ ఎదురుపడి, “జూన్‌లో ఏడింటిదాకా వెలుగు పోదు కదక్కా, అప్పుడేం చెయ్యను?” అని అడిగింది. ఒక మందపాటి తెర కొనమన్నాను. మళ్లీ గూడు వెతికే గుణం కనిపిస్తే సాయంత్రం ఆరింటికే తెర లాగి, పొద్దున ఆలస్యంగా తీసి, కొన్ని వారాలు పది గంటల పగలు పాటించమని, లేకపోతే బయట పొద్దు ఎప్పుడు వాలితే అప్పుడే హాల్లో లైటు తగ్గించమని చెప్పాను. టీవీ లోపలి గదికి మార్చడానికి వాళ్లాయన ఒప్పుకున్నాడట.