పితూరీ ఎవరిది?

ముస్లిం తన ఇంటి బాధ రాసుకుంటే అభ్యుదయ మిత్రులకు సైతం పితూరీలా వినిపిస్తుంది. పితూరీ అంటే ఇవాళ చాడీ. ఉత్తరాంధ్రలో ఈ మాట బతుకు వేరు.

కుతుబ్‌షాహీల కాలంనించీ శ్రీకాకుళం ఫౌజుదారు కచేరీ ఉన్న ఊరు. కచేరీల ఉర్దూ, పారశీ మాటలెన్నో తెలుగయ్యాయి. ఇదీ అలాంటిదే. అరబ్బీ 'ఫుతూర్' అంటే సడలిక. ఉర్దూలో 'ఫితూర్' అయి లోపం, గడబిడ అయింది. తెలుగులో పితూరీ అయి తిరుగుబాటయింది. 1830ల మొదట్లో పాలకొండ, పర్లాకిమిడి జమీందారీలు కంపెనీ మీద లేచాయి. 1879లో కల్లు గీసుకునే హక్కు కోసం గోదావరి పక్క రంప మన్యం లేచింది. తెల్లదొరల కాగితాల్లో ఇలాంటివన్నీ 'ఫితూరీ'లే. ఏలికకు గడబిడ, మన్యం మనిషికి బతుకు పోరు. మాట ఒక్కటే, చూపులు రెండు.

1967 తర్వాత గిరిజనులు లేస్తే 'శ్రీకాకుళ పోరాటం' అని గౌరవంగా రాసుకున్నాం. మరి మా గొంతుకెందుకు చాడీ అనే పేరు?

మేమూ ఒకటి ఒప్పుకోవాలి. తలాఖ్ దెబ్బ తిన్న మా అక్కచెల్లెళ్లు నోరెత్తితే మేమూ పితూరీలనే అన్నాం. అక్కడ ఏలికలం మేమే.

ఏలిక చెవిలో ఊదేది చాడీ. ఏలికను ఎదురుగా నిలదీసేది పితూరీ. మా రాతల్ని ఈ గీటురాయి మీదే గీయండి. పరాయిదని మీరు అనే మా భాషే మీ తిరుగుబాటుకు పేరిచ్చింది. దిగజారిన ఆ మాటను వదులుకోం. నిలబెట్టుకుంటాం, ముందు మా ఇంట్లో.