కొట్టేసిన గ్రూపుల సంగతి

పదో తరగతి ఫలితాలు వచ్చాక ఇంటర్ అడ్మిషన్లు ముగిసేదాకా నా టేబుల్ ముందు కుర్చీలు ఖాళీగా ఉండవు. వచ్చినవాళ్లంతా ఒకటే అడుగుతారు: 'ఏ గ్రూప్ తీసుకోమంటారు?' నేను మాత్రం ఏ గ్రూపులు వద్దనుకున్నారో చెప్పమంటాను. కొందరు తండ్రులకు చిరాకేస్తుంది, వద్దన్నవాటి గురించి మాట్లాడటానికా ఇంత దూరం వచ్చింది అని. ఈ వృత్తిలో నాకు పనికొచ్చే సరుకంతా ఆ కొట్టేసిన జాబితాలోనే దొరుకుతుంది.

'లెక్కలంటే ఇష్టం లేదు మేడం' అని చాలామంది ఆడపిల్లలు అంటారు. కాస్త కదిపితే 'ఇష్టం లేదు' కిందనుంచి 'నాకు రావు' బయటికొస్తుంది. మెమో చూస్తే సైన్సుకూ లెక్కలకూ మార్కుల్లో పెద్ద తేడా ఉండదు. అంటే కొట్టేసింది మార్కులు కాదు, ఆ పిల్ల తన గురించి తాను పెట్టుకున్న అంచనా. రానిదాని మీద ఇష్టం పుట్టమంటే ఎక్కణ్నుంచి పుడుతుంది? అందుకే ఇష్టాయిష్టాల ప్రశ్నపత్రం ఒక్కటే ఇచ్చి, వచ్చిన స్కోరును బట్టి కోర్సు చెప్పి పంపించే కౌన్సెలింగ్ మీద నాకు పెద్ద గురి లేదు.

ఈ అంచనాకు సెల్ఫ్ ఎఫికసీ అని పేరుపెట్టి, 1977లో దానిమీద సిద్ధాంతం రాసినాయన ఆల్బర్ట్ బండూరా. కెనడాలో ముండేర్ అనే చిన్న ఊళ్లో పుట్టి, స్టాన్‌ఫర్డ్‌లో దశాబ్దాలపాటు పాఠం చెప్పి, 2021లో 95 ఏళ్ల వయసులో పోయారు. పామంటే వణికిపోయేవాళ్లతో ఆయన బృందం చేసిన ప్రయోగాలు మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలుసు. వేరొకరు పామును పట్టుకుంటే చూసినవాళ్లకు భయం కొంత తగ్గింది. పక్కన మనిషి తోడుండగా మెల్లమెల్లగా తామే పామును ముట్టుకున్నవాళ్లకు ఇంకా బాగా తగ్గింది. 'నేను చేయగలను' అనే నమ్మకానికి అన్నిటికంటే గట్టి పునాది సొంతంగా చేసి చూసిన అనుభవమేనని ఆయన తేల్చారు. మనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, ఎదుటివాళ్లు ధైర్యం చెప్పడం, ఒంట్లో పుట్టే దడనూ వణుకునూ మనం అర్థం చేసుకునే తీరు ఆ తర్వాతివి.

దీన్ని కెరీర్ కౌన్సెలింగ్‌లోకి తెచ్చింది ఇద్దరు మహిళలు, గెయిల్ హాకెట్, నాన్సీ బెట్జ్. 1981లో వాళ్లు అమెరికాలోని కాలేజీ విద్యార్థులను ఏయే ఉద్యోగాల చదువు పూర్తిచేయగలమనుకుంటున్నారో అడిగారు. మగపిల్లలు అన్నిరకాల ఉద్యోగాల విషయంలోనూ దాదాపు ఒకే ధీమాతో చెప్పారు. ఆడపిల్లల ధీమా మాత్రం ఆడవాళ్లవని పేరుపడ్డ ఉద్యోగాల దగ్గర ఎక్కువగా, మగవాళ్లవని పేరుపడ్డవాటి దగ్గర తక్కువగా ఉంది. లెక్కల్లో, ఇంగ్లిషులో ఇద్దరి పరీక్ష స్కోర్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నలభై ఏళ్లు దాటిన ఆ ఫలితాన్ని ప్రతి మే నెలలోనూ నా టేబుల్ ముందు చూస్తూనే ఉన్నాను.

మొన్న ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. అమ్మాయి సీఈసీ అని గట్టిగా అనుకునే వచ్చింది. కామర్స్ మీద నిజంగానే ఆసక్తి ఉంది. మరి లెక్కలు కూడా ఉండే ఎంఈసీ ఎందుకు కొట్టేశావమ్మా అంటే తల దించుకుంది. తల్లి అందుకుంది: 'దానికి లెక్కలు తలకెక్కవండీ, నాలాగే.' ఆవిడ డ్వాక్రా సంఘం లీడరు. సంఘం పుస్తకాలు ఎవరు రాస్తారని అడిగితే, 'ఇదేనండీ' అని కూతుర్ని చూపించింది.

గంపగుత్తగా 'లెక్కలు నీకు ఎంత వస్తాయి' అని అడిగితే వచ్చే జవాబు నాకు పనికిరాదు. ఈ నమ్మకం పని పనికీ మారుతుంది. అందుకని బండూరా వాడిన కొలతే వాడతాను, సున్నా నుంచి వంద దాకా. పుస్తకంలో సమస్య చదివి సమీకరణం రాయడానికి ఆ అమ్మాయి తనకు 20 ఇచ్చుకుంది. నూటికి రూపాయి వడ్డీకి తీసుకున్న 10,000 అప్పును నెలకు వెయ్యి చొప్పున అసలు తీరుస్తూ పోతే మొత్తం వడ్డీ ఎంతో చెప్పడానికి 90 ఇచ్చుకుంది. చెప్పమన్నాను. 100, 90, 80 అని నెలనెలా వేసుకుంటూ 10 దాకా వచ్చి, 550 అంది. నేను కాగితం మీద ఆ పది అంకెలూ వరసగా రాసి, ఇది ఏ పాఠం అని అడిగాను. కాసేపు చూసి, 'అంకశ్రేఢి' అని, మొదటిదీ చివరిదీ కలిపి, పదితో హెచ్చవేసి, సగం చేసింది. మళ్లీ 550.

ఆ తర్వాత నేను పొగడలేదు. ఇంటికెళ్లి 24 నెలల అప్పుకు అదే సూత్రంతో కట్టి చూడమన్నాను. అది కుదిరాక ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకంలో ఒక్క పాఠం చదివి రమ్మన్నాను. ఆ తర్వాత కూడా సీఈసీయే కావాలంటే సంతోషంగా చేరమంటాను. భయపడి కొట్టేయడానికీ, చేసి చూసి వద్దనుకోవడానికీ తేడా ఉండాలన్నదే నా పట్టు.

'నువ్వు చేయగలవు' అనే మాటకు విలువ లేదనను. కానీ అది తర్వాతి స్లిప్ టెస్టు దాకా కూడా నిలవదు. హాలు నిండా పిల్లల్ని కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించే మోటివేషన్ క్లాసులకు స్కూళ్లు పెట్టే ఖర్చు చూస్తే నాకు బాధేస్తుంది. పైగా అదే స్కూలు ప్రతి వారం ర్యాంకులు అంటించి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తుంది. చివరి సెక్షన్లో రెండేళ్లు కూర్చున్న పిల్లవాడికి తాను దేనికీ పనికిరానని రోజూ సాక్ష్యం దొరుకుతుంటే, ఒక గంట ఉపన్యాసం ఏం చేస్తుంది? టాపర్ ఫ్లెక్సీ వల్ల కూడా వాడికి ఒరిగేదేమీ లేదు, ఆ టాపర్ వాడికి తనలాంటివాడిలా కనబడడు. వాళ్ల వీధిలోనే ఉంటూ, రెండు సబ్జెక్టులు తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కి, పాలిటెక్నిక్ చదివి ఉద్యోగం చేస్తున్న అన్నను తెచ్చి ఎదురుగా కూర్చోబెడితే పిల్లలు కుర్చీలో ముందుకు జరిగి అడగడం మొదలుపెడతారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అన్నీ నమ్మకం లోపమే అనుకునే కౌన్సెలర్ ప్రమాదకారి. 1994లో లెంట్, బ్రౌన్, హాకెట్ రాసిన కెరీర్ సిద్ధాంతంలో పరిస్థితుల అడ్డంకులకూ ఆసరాలకూ వేరే చోటుంది. కాలేజీకి వెళ్లే బస్సు సాయంత్రం ఆరు తర్వాత లేని ఊరి అమ్మాయికి ధీమా 100 ఉన్నా ఏం లాభం? అలాంటి పిల్ల వచ్చినప్పుడు ఆ స్కేలు పక్కనబెట్టి హాస్టల్ సీటుకు దరఖాస్తు పెట్టిస్తాను, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కావలసిన కాగితాలు రాసిస్తాను, ఆదాయ ధ్రువపత్రం కోసం తండ్రిని ఎక్కడికి వెళ్లాలో చెప్పి పంపిస్తాను.