మందు కథలో మనం వ్రాయని సగం

యల్లాప్రగడ సుబ్బారావుగారిని గురించి తెలుగులో వెలువడే వ్యాసాలకు ఒక వరుస ఏర్పడిపోయినది. 1895లో భీమవరంలో జననం, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల, మందుల పట్టిక, 1948లో మరణం, చివరకు నోబెల్ బహుమతి రాలేదన్న వగపు. ప్రశంసకు ఆయన పాత్రులే. కాని ఆ మందు ఎట్లా పనిచేస్తుందో, ఎవరు ఏ మూల్యం చెల్లించారో వీటిలో కనబడదు.

ఆయన ఆధ్వర్యంలో వచ్చిన మెథోట్రెక్సేట్‌నే తీసుకుందాం. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని పోలిన రూపంతో ఈ మందు ఎంజైమును పట్టుకుని డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని ఆపుతుంది. దీనికి అన్నవంటి అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు ఇవ్వగా, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణమిచ్చినట్లు 1948లో ప్రకటించారు. ఇంతవరకు మన రచయితలు వ్రాస్తారు.

వ్రాయనిది చిన్నమెదడులో పుట్టే మెడులోబ్లాస్టోమా అనే కంతి సంగతి. మూడేండ్లు నిండని పిల్లల మెదడుకు రేడియేషన్ చాలా హాని చేస్తుంది. అందువల్ల జర్మనీ వైద్యులు శస్త్రచికిత్స తరువాత ఇతర మందులతోపాటు మెథోట్రెక్సేట్‌ను మెదడు కుహరాలలోకే ఎక్కించారు. 2005లో ఫలితాలు వెలువడినవి. చాలామంది బ్రతికారు, కాని ఎం.ఆర్.ఐ.తో పరీక్షించిన 23 మందిలో 19 మందికి తెల్లపదార్థం దెబ్బతిన్నది. బయటకు లక్షణాలు లేవు. అయితే తెలివితేటల కొలత ఆరోగ్యవంతులైన పిల్లలకంటె తక్కువ, రేడియేషన్ పొందిన పిల్లలకంటె ఎక్కువ. ఇటువంటి బిడ్డ బడికి వచ్చి లెక్క ఆలస్యంగా చేస్తే మొద్దు అనేది మా ఉపాధ్యాయులమే.

తెల్లపదార్థమంటే నాడీతంతువుల కట్టలు. తంతువుపై మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. కరెంటు తీగ తొడుగుతో పోల్చడం మనకు అలవాటు. ఆ పోలిక కొంతవరకే సరి. ఇది జీవకణాలు చుట్టే తొడుగు. మధ్యమధ్య సందులుంటాయి, సంకేతం సందునుండి సందుకు దూకుతూ పోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మోంజె బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో, పిల్ల ఎలుకలకు మెథోట్రెక్సేట్ ఇచ్చి ఆపిన నెలల తరువాత కూడా తొడుగు సరిగా ఏర్పడలేదు. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోయి, తొడుగు చుట్టే కణాలను ఎదగనీయలేదు. ఆ కాపలా కణాలను మరొక మందుతో తొలగించగా తొడుగూ జ్ఞాపకమూ కుదుటపడినవి. ఎలుకలో కుదిరినదంతా బిడ్డలో కుదురుతుందని కాదు.

ఇది వ్రాయాలంటే ముందు మాటలు సరిచూసుకోవాలి. మా మంథనిలో ‘నరానికి సూది వేసిన్రు’ అంటారు, ‘నరాల బలహీనత’ అనీ అంటారు. నెత్తురు గొట్టానికీ నాడికీ ఒకే మాట. మైలిన్ పాఠం ముగించగానే ఒక విద్యార్థి లేచి, “సార్, నెత్తురు ఆ తొడుగు లోపల పారుతదా, బయట పారుతదా?” అని అడిగాడు. తప్పు అతనిది కాదు. నేను చదవమని ఇచ్చిన వ్యాసంలో ‘నరం’ అనే ఉన్నది.